బల్ల మీద ఉండగానే వచ్చే రిపోర్టు: తిరుపతిలో ఫ్రోజెన్ సెక్షన్, ఒక చిత్తూరు పేషెంటు రివ్యూ

నాలుగు స్టార్లు ఇస్తున్నా. తగ్గించిన ఒక్క స్టారుకూ ల్యాబుకూ సంబంధం లేదు. ఆ సంగతి కింద వస్తుంది.

ఆస్పత్రి పేరు రాయను. మెచ్చుకోవాల్సినవీ ఉన్నాయి, తిట్టాల్సినవీ ఉన్నాయి. పేరు పెట్టి తిడితే తర్వాత వచ్చే ఫోన్లకు జవాబు చెప్పే ఓపిక నాకు లేదు. తిరుపతిలో ఒక ప్రైవేటు ఆస్పత్రి అనుకోండి, చాలు. ఈ రివ్యూ అక్కడ నేను చేయించుకున్న ఒక్క పరీక్ష గురించి. పేషెంటు ఇంకా ఆపరేషన్ బల్ల మీద ఉండగానే గడ్డను తీసి ల్యాబుకు పంపుతారు. అక్కడ దాన్ని అతిచల్లగా బిగుసుకునేలా చేసి, పల్చగా కోసి, మైక్రోస్కోపులో చూసి, కేన్సరా కాదా అని అరగంట లోపల థియేటరుకు ఫోన్ చేసి చెప్తారు. దీన్ని ఫ్రోజెన్ సెక్షన్ అంటారు. రొమ్ములోనో అండాశయంలోనో గడ్డ వచ్చి ఇది చేయించుకున్న వాళ్లు మీ బంధువుల్లోనూ ఉండొచ్చు. నాకు చేసింది వృషణంలో గడ్డకు. ఆ చోటి గురించి మగాళ్లు నోరు విప్పరు. స్కాన్ రిపోర్టు పక్కన పెట్టుకుని రాత్రంతా ఫోన్‌లో వెతికితే తెలుగులో నాకు పనికొచ్చే ముక్క ఒక్కటీ దొరకలేదు.

నా గురించి కొంచెం. చిత్తూరు పక్కన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో, క్వాలిటీ ల్యాబులో పని. జూన్, జూలైలో తోతాపురి ట్రాక్టర్లు గేటు బయట బారులు తీరితే లోపల మేము శాంపిళ్లతో కుస్తీ పడుతుంటాం. అందుకని ల్యాబు రిపోర్టు అంటే నాకు భయమూ లేదు, భక్తీ లేదు. దాన్ని ఎంతవరకు నమ్మాలి అని అడిగే అలవాటు మాత్రం ఉంది.

పెళ్లయి ఏళ్లు గడిచినా పిల్లలు లేరని ఫెర్టిలిటీ సెంటరుకు పోయాం. నా వీర్యకణాల కౌంటు తక్కువ వచ్చింది. వెరికోసీల్ (వృషణం దగ్గరి సిరలు ఉబ్బడం) ఏమన్నా ఉందేమో చూద్దామని డాప్లర్ స్కాన్ రాశారు. వెరికోసీల్ లేదు గానీ ఎడమ వృషణం మధ్యలో 9 మిల్లీమీటర్ల నల్లటి మచ్చ కనిపించింది. దాని లోపల రక్తప్రసరణ కూడా ఉంది. కేన్సర్ అయ్యే అవకాశాన్ని తోసిపుచ్చలేమని రిపోర్టు చివర రాశారు. చేత్తో తడిమితే ఏమీ తగలదు. నాకూ తగల్లేదు, యూరాలజిస్టుకూ తగల్లేదు.

ఈ కేన్సర్ ఆనవాళ్ల కోసం రక్తపరీక్షలు మూడు రాశారు: ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్. మూడూ నార్మల్. ఇంట్లో అందరూ పండగ చేసుకున్నారు, డాక్టరు ముఖంలో మాత్రం ఏ మార్పూ లేదు. వృషణాల కేన్సర్లలో ఎక్కువగా కనిపించే సెమినోమాలో ఏఎఫ్‌పీ పెరగదు, హెచ్‌సీజీ కొందరిలోనే పెరుగుతుంది. అందుకే ఇవి నార్మల్ వచ్చినంత మాత్రాన గండం గడిచినట్టు కాదన్నారు.

మా బావకు మెడికల్ షాపు ఉంది. "సూది గుచ్చి చూస్తే పోలా, దీనికి ఆపరేషన్ దాకా ఎందుకు?" అన్నాడు. మెడలో గడ్డకైతే అలాగే చేస్తారు. వృషణానికి చేయరు. అది కేన్సరే అయితే, సంచి చర్మం గుండా పోయిన సూది వెంట కణాలు దారిలో పడే ప్రమాదం ఉంది. వృషణం నుంచి లింఫ్ ద్రవం పైకి, పొట్ట వెనక భాగంలో ఉన్న గ్రంథులకు పోతుంది. సంచి చర్మం నుంచి పోయేది గజ్జల్లోని గ్రంథులకు. సూది గుచ్చితే జబ్బుకు మనమే రెండో దారి చూపించిన వాళ్లం అవుతాం. ఆపరేషన్ కూడా అందుకే సంచి మీద చేయరు. గజ్జల్లో కోసి, వృషణాన్ని అక్కడి నుంచి పైకి తీస్తారు. ఈ విషయం మా బావకు కూడా తెలియదు, ఆయన రోజూ మందులు అమ్మే మనిషి. అందుకే ఇంత వివరంగా రాస్తున్నా. ఆ సూది పరీక్షనే ఎఫ్‌ఎన్‌ఏసీ అంటారు. ఎవరైనా "ముందు ఎఫ్‌ఎన్‌ఏసీ చేద్దాం" అంటే ఆగి, యూరాలజిస్టును అడగండి.

నాయన మాట వేరు. "పెద్ద జబ్బంటే రాయవేలూరే. పద, రేపే పోదాం." రాయవేలూరు అంటే వేలూరు సీఎంసీ. ఐడా స్కడర్ అనే అమెరికన్ డాక్టరమ్మ 1900లో మొదలుపెట్టిన ఆ ఆస్పత్రి మీద చిత్తూరు వాళ్లకు తరాల నమ్మకం. తిరుపతిలో స్విమ్స్ వచ్చి ముప్పై ఏళ్లు దాటింది, టాటా ట్రస్టులు, టీటీడీ కలిసి పెట్టిన కేన్సర్ ఆస్పత్రి కూడా వచ్చింది. అయినా మా నాయన వయసు వాళ్ల నోట ఇప్పటికీ ముందు వచ్చేది రాయవేలూరే. నేను ఈ ఆస్పత్రికి మొగ్గడానికి సగం కారణం యూరాలజిస్టు, సగం కారణం మా కంపెనీ ఇన్సూరెన్సు.

యూరాలజిస్టు గురించి చెప్పి తీరాలి. పెద్దవాళ్ల వృషణంలో చేతికి గట్టిగా తగిలే గడ్డ ఉంటే నూటికి తొంభై పైన అది కేన్సరే. అప్పుడు ఇంకే పరీక్షల జోలికీ పోకుండా గజ్జల్లోంచి వృషణం మొత్తం తీసేస్తారు, అదే సరైన వైద్యం. నా కేసు అలాంటిది కాదు. ఇంకేదో కారణంతో స్కాన్ తీస్తే బయటపడే, చేతికి తగలని చిన్న మచ్చల్లో చాలా భాగం కేన్సర్ కావు. లేడిగ్ కణాల (మగ హార్మోను తయారుచేసే కణాల) గడ్డ కావొచ్చు, ఎపిడెర్మాయిడ్ సిస్టు అనే తిత్తి కావొచ్చు, ఎప్పటిదో దెబ్బ తాలూకు మచ్చ కావొచ్చు. స్కాన్ చూసి ఖాయంగా విడదీయడం చాలాసార్లు కుదరదు. పిల్లల కోసం తిరుగుతున్న మనిషికి, అందునా కౌంటు తక్కువున్న వాడికి, హాని చేయని గడ్డ కోసం వృషణం తీసేస్తే అన్యాయం. కేన్సర్‌ని లోపల వదిలి కుట్టేస్తే ఘోరం. ఈ రెంటి మధ్య తేల్చడానికే ఫ్రోజెన్.

ఆయన తెల్ల కాగితం మీద గీసి చూపించారు. కేన్సర్ అని ఫోన్ వస్తే వృషణం తీసేస్తా. కాదని వస్తే గడ్డ వరకే తీసి, మిగతాది కుట్టి యథాస్థానంలో పెడతా. ఇంకో జవాబు కూడా రావొచ్చు: ఇప్పుడే చెప్పలేం, ఫైనల్ రిపోర్టు దాకా ఆగండి. "అది వస్తే ఏం చేయమంటారో మీరిద్దరూ ఇప్పుడే ఆలోచించుకుని రండి. బల్ల మీద పడుకోబెట్టి ఆ ప్రశ్న అడగను" అన్నారు. ఇచ్చిన నాలుగు స్టార్లలో ఒకటి పూర్తిగా ఈ మాటకే. సంతకాల కాగితాలు చాలా చూశాం, ఇలా ముందే ఆలోచించుకోమని పంపిన డాక్టరును మేము చూడలేదు.

చిత్తూరు బస్సెక్కి చంద్రగిరి దాటే దాకా నా భార్య ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత అంది, "చెప్పలేం అంటే తీసెయ్యొద్దని చెప్పు మామా. మళ్లీ కోయాల్సొస్తే మళ్లీ కోయించుకుందువు, పోయింది మాత్రం తిరిగి రాదు గదా." అదే రాసిచ్చాం. ఆపరేషన్‌కు ముందే ఫెర్టిలిటీ సెంటర్లో వీర్యం కూడా దాచిపెట్టించాం. దాన్ని ద్రవ నత్రజనిలో, మైనస్ 196 డిగ్రీల దగ్గర ఉంచుతారు. ఒక వృషణం పోయే అవకాశం ఉన్న ఎవరైనా ఆపరేషన్‌కు ముందే ఇది అడగాలి. చాలాచోట్ల మనం అడిగితే తప్ప చెప్పరు.

ల్యాబు సంగతి నేనే తవ్వి తవ్వి అడిగాను. ముక్కను గడ్డకట్టించి కోసే క్రయోస్టాట్ మిషను ఈ బిల్డింగులోనే ఉందా, బయటికి పంపుతారా? బయటికి పంపాలంటే ముక్క బైకు మీద పోవాలి. గరుడ సేవ రోజున ఆ బైకు లీలామహల్ సర్కిల్ దగ్గర ఇరుక్కుంటే నా గతేమిటి? పాథాలజిస్టు ఆ రోజు డ్యూటీలో ఉంటారా? వృషణం ముక్కలు ఇంతకు ముందు చూశారా? చివరి ప్రశ్నకు కోఆర్డినేటర్ పిల్ల ముఖం చిన్నబోయింది. అడగడానికి కారణం ఉంది. మన దేశంలో ఈ కేన్సర్ అరుదు, ఏడాదికి లక్ష మంది మగవాళ్లలో ఒక్కరి కన్నా తక్కువకే వస్తుంది. ఏ పాథాలజిస్టుకైనా రొమ్ము ముక్కలు చూసినన్ని ఇవి చూసే అవకాశం రాదు. యూరాలజిస్టు నా ముందే పాథాలజిస్టు మేడమ్‌కు ఫోన్ కలిపారు. స్కాన్ బొమ్మలు, రక్తపరీక్షల రిపోర్టులు ముందే పంపమన్నారు ఆమె. మిషను ఇక్కడే ఉందని, తాను ఉండే రోజునే ఆపరేషన్ పెట్టుకోమని కూడా చెప్పారు. నాకు నమ్మకం అక్కడ కుదిరింది.

ఆపరేషన్ రోజు గురించి వరసగా రాయను, ఆకలి, ఎదురుచూపు, వెనక ముడేసే గౌను అందరికీ తెలిసినవే. తిరుపతిలో గుండు గీయడం మామూలు, నాకు గీసింది మాత్రం వేరే చోట. బ్లేడు పట్టుకున్న కుర్రాడు "మొక్కు తీరిందనుకోండన్నా" అన్నాడు. టెన్షన్‌లో కూడా నవ్వొచ్చింది.

మత్తు నడుములో ఇచ్చారు. నడుము కింద అంతా మొద్దుబారింది, తెలివి పూర్తిగా ఉంది. నిద్రపట్టేలా ఇంకో ఇంజెక్షన్ ఇస్తామన్నారు, వద్దన్నాను. ముఖం ముందు పచ్చ గుడ్డ కట్టారు, కాబట్టి చూసింది ఏమీ లేదు, విన్నదే. గజ్జల్లో కోసి వృషణాన్ని పైకి తీశాక, దానికి రక్తం తెచ్చే నాళాల కట్టకు ముందుగా క్లాంప్ వేశారు. గడ్డను కదిలించేటప్పుడు కణాలు రక్తంలో కలిసి పోకుండా ఆ జాగ్రత్త. కానీ ఆ క్లాంప్ ఉన్నంతసేపూ వృషణానికి రక్తం అందదు. అందుకని చుట్టూ ఐస్ పెట్టి చల్లగా ఉంచారు. ల్యాబు వేగం ఎందుకు ముఖ్యమో అక్కడ తెలుస్తుంది. ఆలస్యమైతే పేషెంటు సహనం సంగతి అటుంచి, కాపాడదామనుకున్న అవయవమే దెబ్బతింటుంది. ఒక ముక్కకు 20 నిమిషాల లోపు జవాబు చెప్పాలన్నది ల్యాబులు పెట్టుకునే లక్ష్యమని మేడమ్ తర్వాత చెప్పారు.

గడ్డ చేతికి తగలదు కాబట్టి అల్ట్రాసౌండ్ ప్రోబుకు స్టెరైల్ కవర్ తొడిగి, వృషణం మీదే పెట్టి వెతికారు. దొరికాక గడ్డను చుట్టూ కొంచెం మంచి కణజాలంతో కలిపి తీశారు. పక్క నుంచి ఇంకో చిన్న ముక్క కూడా తీశారు. "ఫార్మలిన్‌లో వెయ్యొద్దు, ఫ్రెష్‌గా పంపాలి" అని సర్జన్ రెండుసార్లు గట్టిగా చెప్పడం విన్నాను. మామూలు బయాప్సీ ముక్కను పాడవకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవం డబ్బాలో వేస్తారు, అలవాటు కొద్దీ ఎవరన్నా ఇదీ అందులో వేస్తే ఫ్రోజెన్‌కు పనికిరాకుండా పోతుంది. సెలైన్‌తో తడిపిన పల్చటి కట్టు గుడ్డలో చుట్టి, పరుగున పంపారు.

అక్కడి నుంచి ఎదురుచూడటమే. మత్తు డాక్టరు నా తల దగ్గర కూర్చుని "ఈసారి తోతాపురి టన్ను ఎంత పోతోంది?" అని అడిగారు. వాళ్లకు పుత్తూరు దగ్గర తోట ఉందట. బల్ల మీద కాళ్లు చాపి, వృషణం ఐస్‌లో పెట్టుకుని, మామిడి ధరల గురించి, రైతుకు గిట్టుబాటు కాకపోవడం గురించి నేను మాట్లాడాను. మంచి మనిషి. గోడ గడియారం వైపు చూడనీయకుండా కూర్చోబెట్టారు.

ఇంచుమించు 25 నిమిషాలకు ఫోన్ మోగింది, స్పీకర్ ఆన్ చేశారు. మేడమ్ గొంతు: "జెర్మ్ సెల్ ట్యూమర్ కాదు. లేడిగ్ సెల్ లాగా ఉంది, బినైన్ వైపే. అంచుల్లో గడ్డ లేదు. పక్క ముక్క నార్మల్. మిగతాది పారాఫిన్‌లో చూసి చెప్తా." జెర్మ్ సెల్ ట్యూమర్ అంటే వీర్యకణాలు తయారయ్యే మూలకణాల్లో పుట్టే కేన్సర్, సెమినోమా ఆ జాతిదే. బినైన్ అంటే కేన్సర్ కానిది, పారాఫిన్ అంటే మైనం. సర్జన్ ఆ మాటల్ని తిరిగి ఆమెకే వల్లించి, సరేనా అని అడిగి, సిస్టర్ చేత రాయించారు. మా ఫ్యాక్టరీలో ఫోన్‌లో చెప్పిన రీడింగును ఇలా తిరిగి చదివించడానికి నేను ఎంత గొడవ పడ్డానో మావాళ్లకు తెలుసు. ఇక్కడ ఎవరూ చెప్పకుండానే చేశారు. ఇంకో స్టార్ దీనికి. క్లాంప్ తీశారు, రంగు తిరిగిందన్నారు, కుట్టేసి లోపల పెట్టారు.

ఇప్పుడు ఈ పరీక్షను ఎంత నమ్మొచ్చో చెప్తాను. మా దగ్గర లైను మీద గుజ్జు తీసి రిఫ్రాక్టోమీటర్లో వేస్తే నిమిషంలో బ్రిక్స్, అంటే తీపి ఎంతుందో, తెలుస్తుంది, దాన్ని బట్టే లైను నడపాలో ఆపాలో చెప్పేస్తాం. కానీ అదే గుజ్జు నింపిన సంచిని ఎగుమతికి వదలాలంటే శాంపిళ్లను వెచ్చటి గదిలో రోజుల తరబడి ఉంచి, ఉబ్బలేదని చూశాకే సంతకం పెడతాం. మొదటి రీడింగు అబద్ధం కాదు, అది ఆ క్షణంలో తీసుకోవాల్సిన నిర్ణయానికి సరిపోతుంది. ఫ్రోజెన్ కూడా అంతే. వృషణం తీయాలా, ఉంచాలా అన్న ఒక్క ప్రశ్నకు అది బాగా జవాబిస్తుంది. కేన్సర్ అయితే అందులో ఏ రకం, ఏ రకం ఎంత కలిసింది అని అడిగితే అంత బాగా చెప్పలేదు. గడ్డకట్టేటప్పుడు ముక్కలోని నీరు మంచు పలుకులుగా మారి కణాల్లో చిల్లులు చేస్తుంది. సమయం తక్కువ కాబట్టి ముక్కలో అన్ని భాగాలూ చూడలేరు. పక్క కణజాలంలో కేన్సర్‌కు ముందు దశ మార్పులు ఉంటే వాటిని ఫ్రోజెన్‌లో పట్టుకోవడం కష్టం. అందుకే మిగిలిన ముక్కంతా ఫార్మలిన్‌లో నానబెట్టి, మైనంలో పోతపోసి, తీరిగ్గా కోసి చూస్తారు. ఫైనల్ రిపోర్టు అంటే అది.

ఈ తేడాను నాకు, నా భార్యకు ముందే చెప్పారు. బయట కుర్చీల్లో కూర్చున్న మా నాయనకు, అమ్మకు ఎవరూ చెప్పలేదు. అయిదో స్టారు పోయింది ఇక్కడే. థియేటర్ తలుపు తీసుకుని వచ్చిన వార్డు బాయ్ "మంచిదేనంట పెద్దాయనా, స్వీట్లు పంచు" అనేసి వెళ్లిపోయాడు. నాయన నిజంగానే పంచాడు. గ్రీమ్స్‌పేట నుంచి పలమనేరు దాకా చుట్టాలందరికీ ఫోన్లు పోయాయి, అమ్మ కాణిపాకానికి మొక్కు కూడా మార్చి పెద్దది చేసింది. సర్జన్ బయటికొచ్చి అయిదు నిమిషాలు మాట్లాడి ఉంటే సరిపోయేది. ఆయన వెంటనే ఇంకో కేసులోకి వెళ్లారట.

ఫైనల్ రిపోర్టు వస్తుందన్న రోజుకు రాలేదు. ఆ తర్వాత వారంలోనూ రాలేదు. కౌంటరుకు ఫోన్ చేస్తే "ఇంకా రాలా" అన్నది ఒక్కటే జవాబు. ఇంట్లో నాయన అనుమానం పెరిగింది. "మంచిదని ఆరోజే చెప్పిరి గదా, మళ్లీ ఏం పరీక్ష? నా కాడ ఏమన్నా దాస్తాండారా?" అని నా భార్యను నిలదీశాడు. ఆమె ఎంత చెప్పినా వినలేదు, రాత్రుళ్లు నిద్ర మానేశాడు. తీరా తేలిందేమంటే, లేడిగ్ కణాలేనని ఖాయం చేసుకోవడానికి ఇన్హిబిన్ అనే ప్రత్యేక రంగు వేయాలి, దానికి ముక్కను బయటి ల్యాబుకు పంపారు, అందుకు టైం పట్టింది. న్యాయమైన కారణమే. ఒక మెసేజ్ పెట్టి ఉంటే మా ఇంట్లో ఒక ముసలాయన ప్రశాంతంగా పడుకునేవాడు. బిల్లు కట్టమని మాత్రం ఆస్పత్రి నుంచి మెసేజీలు టంచనుగా వచ్చాయి.

రిపోర్టు తీసుకోవడానికి పోయినప్పుడు పాథాలజీ రూముకు వెళ్లి, నేనూ ల్యాబు మనిషినే, స్లైడు చూడొచ్చా అని అడిగాను. మేడమ్ కసురుకుంటారనుకున్నా. కుర్చీ జరిపి కూర్చోమన్నారు. ముందు క్రయోస్టాట్ చూపించారు. చిన్న ఫ్రీజరు లాంటి పెట్టె, లోపల మైనస్ 20 చిల్లర డిగ్రీలు, అందులోనే కోసే బ్లేడు. ముక్క మీద జెల్ పోస్తే తెల్లగా బిగుసుకుంటుంది, దాన్ని 5 మైక్రాన్ల మందంలో కోసి గాజు మీదికి ఎక్కించి, గులాబీ, ఊదా రంగులు వేస్తారు. ఇంత మిషను లేని రోజుల్లో, 1905లో, అమెరికాలోని మేయో క్లినిక్‌లో లూయిస్ విల్సన్ అనే ఆయన ఇలా గడ్డకట్టించిన ముక్కకు నీలం రంగు వేసి సర్జన్లకు అప్పటికప్పుడు జవాబు చెప్పే పద్ధతిని నిలబెట్టాడని కూడా చెప్పారు. అది విన్నాక పద్ధతి మీద గౌరవం పెరిగింది. నూటపాతికేళ్లకు దగ్గరవుతున్నా ఇంకా మార్చాల్సిన అవసరం రాని పద్ధతులు మా ఫీల్డులో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

తర్వాత రెండు స్లైడ్లూ ఒకదాని తర్వాత ఒకటి పెట్టారు. ఫ్రోజెన్ స్లైడులో కణాలు ఉబ్బి, మధ్యలో తెల్లటి చిల్లులతో, అంచులు కొంచెం అలుక్కుపోయినట్టు ఉన్నాయి. ఇందులో చూసి ఆ 25 నిమిషాల్లో అంత ధైర్యంగా ఎలా చెప్పారా అనిపించింది. మైనంలో చేసిన స్లైడులో అవే కణాలు శుభ్రంగా ఉన్నాయి, నిండుగా గులాబీ రంగు, మధ్యలో గుండ్రటి కేంద్రకం. ఒక చోట సన్నటి పుల్లల్లాంటివి చూపించి "రీంకే క్రిస్టల్స్. అందరి గడ్డల్లోనూ ఉండవు, ఉంటే మాకు పని సులువు" అన్నారు. టెస్టోస్టెరాన్ తయారుచేసే ఈ కణాలను జర్మనీలో ఫ్రాంజ్ లేడిగ్ 1850లో మొదటిసారి వర్ణించాడట. నా కౌంటు తగ్గడానికి ఈ గడ్డే కారణమా అని అడిగాను. ఇవి హార్మోన్లను అటూ ఇటూ చేయగలవు కాబట్టి కావొచ్చు, ఖాయంగా చెప్పను అన్నారు. మూడో స్టారు ఈ మేడమ్‌కు. కుదిరితే ఇంకోటి కూడా.

ఫైనల్‌లోనూ లేడిగ్ సెల్ ట్యూమరే. అంచులు శుభ్రం, చెడ్డ లక్షణాలు ఏవీ లేవు. అయినా ఈ రకం గడ్డల్లో కొద్ది శాతం తర్వాత పాకే గుణం చూపిస్తాయి కాబట్టి స్కాన్లు, హార్మోన్ పరీక్షలు కొన్నాళ్లు తప్పవు. కౌంటు సంగతి ఇప్పుడే తేలదు, వీర్యకణాలు మొదటి నుంచి తయారై బయటికి రావడానికే రెండున్నర, మూడు నెలలు పడుతుంది.

ఈ సర్వీసు అందరికీ అవసరం లేదు. గడ్డ పెద్దదై చేతికి గట్టిగా తగులుతుంటే, ఏఎఫ్‌పీ, హెచ్‌సీజీ పెరిగి ఉంటే, రెండో వృషణం బాగానే ఉంటే, ఫ్రోజెన్ అని పట్టుబట్టి డాక్టరును ఇబ్బంది పెట్టొద్దు. అక్కడ మొత్తం తీయించుకోవడమే మేలు. ఒక్క వృషణంతో కాపురం, సంతానం రెండూ నడుస్తాయి, కావాలంటే సిలికాన్‌ది కూడా పెడతారు. నిజంగా కేన్సరే వచ్చినా 1970ల్లో సిస్‌ప్లాటిన్ అనే మందు వచ్చాక బాగా నయమయ్యే కేన్సర్లలో ఇది ముందు వరసలో ఉంది. క్రికెటర్ యువరాజ్ సింగ్‌కు 2012లో వైద్యం జరిగిన గడ్డ కూడా ఈ జెర్మ్ సెల్ జాతిదే, కాకపోతే ఆయనకు ఛాతీలో వచ్చింది. మచ్చ చిన్నదై, చేతికి తగలకుండా, రక్తపరీక్షలు నార్మల్‌గా ఉన్న వాళ్లు, లేదా ఉన్నదే ఒక్క వృషణం అయిన వాళ్లు మాత్రం ఫ్రోజెన్ గురించి తప్పకుండా అడగాలి. అడిగితే "అదంతా ఇక్కడెందుకు, తీసేస్తే పోయె" అనే డాక్టరు తగిలితే ఇంకొకరి దగ్గరికి పోవడమే మంచిది. నాలుగో స్టారు ఆ మాట అనని యూరాలజిస్టుకే.

చివరగా డబ్బు సంగతి. ముందు ఇచ్చిన ఎస్టిమేట్ కాగితంలో ఫ్రోజెన్ సెక్షన్ అన్న లైనే లేదు. డిశ్చార్జ్ రోజు బిల్లులో అది వేరేగా, ఫైనల్ బయాప్సీ వేరేగా, ప్రత్యేక రంగు ఇంకా వేరేగా కనిపించాయి. ఇన్సూరెన్సు వాళ్లు ఒకే ముక్కకు రెండుసార్లు బయాప్సీ ఎందుకని అడిగి క్లెయిమ్ ఆపారు. యూరాలజిస్టు లెటర్‌హెడ్ మీద, ఒకటి ఆపరేషన్ మధ్యలో నిర్ణయం కోసం, రెండోది తుది నిర్ధారణ కోసం అని రాసిచ్చాక వదిలారు. ఆ లెటర్ మీరు అడ్మిట్ అయ్యే రోజే రాయించుకోండి. ఫ్రోజెన్ స్లైడు, మైనం బ్లాకులు కూడా అడిగి తీసుకోండి, రాయవేలూరులోనో ఇంకెక్కడో రెండో అభిప్రాయం కావాలంటే వాళ్లు ముందు అడిగేవి అవే. మావి ఇప్పుడు బీరువాలో, మా పెళ్లి ఆల్బమ్ పక్కన ఉన్నాయి.